మచ్చ ఉన్న రాయే మాట్లాడుతుంది

తొలకరి పడి నాలుగు రోజులైతే చాలు, కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలోని జొన్నగిరి, పగిడిరాయి చేలల్లో సేద్యం చేసేవాళ్ల కన్నా తల వంచుకుని నడిచేవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. ఒక చేతిలో సద్దిమూట, ఒక చేతిలో గొడుగు. పక్క జిల్లాల నుంచి కూడా బస్సులెక్కి వస్తారు. వానకు పైమట్టి కొట్టుకుపోయి గులకరాళ్లు తేలతాయి. ఎక్కడైనా తళుక్కుమంటే ఆగి, వంగి, రాయి తీసి, చీరచెంగుకు తుడిచి చూసుకుంటారు. దాదాపు ప్రతిసారీ అది పలుగురాయే. వజ్రం దొరికినవాళ్ల కథలు ఏటా పేపర్లో వస్తాయి. ఉత్త చేతులతో తిరిగిపోయిన బస్సుల సంగతి ఏ పేపరూ రాయదు.

కొన్నేళ్ల కింద అక్కడ ఒక అవ్వను అడిగాను, ఈ రాళ్లు యాడ్నుంచి వస్తాయవ్వా అని. "వానొస్తేనే గదా నాయనా కనపడేది, పైనుంచే పడతాయేమో" అంది నవ్వుతూ. తప్పు అనడానికి నాకు నోరు రాలేదు. చూసినదాన్ని బట్టి ఆమె తర్కం సరైనదే. కానీ అసలు సంగతి తలకిందులు. వజ్రం కింది నుంచి వచ్చింది, అదీ 150 నుంచి 200 కిలోమీటర్ల కింది నుంచి. కర్నూలు నుంచి అనంతపురం దాకా ఉన్న రోడ్డును నిట్టనిలువుగా భూమిలోకి దింపితే ఎంత లోతో, అంత.

మనిషి తవ్వుకుంటూ పోయింది అందులో పదో వంతు కూడా లేదు. మరి భూమి లోపల ఇన్ని పొరలున్నాయని, ఏ పొర ఎంత మందమో, ఏది గట్టిదో ఏది ద్రవమో స్కూలు పుస్తకంలో అంత ధీమాగా ఎలా గీశారు?

వెయ్యి అడుగుల బోరు

మన జిల్లాల్లో లోతు అంటే బోరే. వెయ్యి అడుగులు వేసినా చుక్క పడలేదని చెప్పే రైతు అనంతపురంలో ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. ఆ అడుగులన్నీ అప్పు చేసి వేసినవి కాబట్టి పాతాళం దాకా పోయినట్టే అనిపిస్తుంది. లెక్కేస్తే 300 మీటర్లు. నేల మీది నుంచి భూమి నడిమధ్యకు 6,371 కిలోమీటర్లు. మన బోరు పోయింది అందులో ఇరవై వేలో వంతు. పక్కనున్న కోలార్ బంగారు గనులు 3 కిలోమీటర్లు దాటి దిగాయి. 2001లో మూతపడేదాకా ప్రపంచంలోని లోతైన గనుల్లో అవి కూడా లెక్కే.

అన్నిటికన్నా లోతైన ప్రయత్నం రష్యాలోని కోలా ద్వీపకల్పంలో జరిగింది. 1970లో మొదలుపెట్టి 1989 నాటికి 12,262 మీటర్లకు చేరారు. ఆ రంధ్రం వెడల్పు సుమారు 9 అంగుళాలు, మన బోరు కన్నా కాస్త పెద్దది, అంతే. అడుగున వేడి 100 డిగ్రీల దగ్గర ఉంటుందనుకుంటే 180 తేలింది. ఆ వేడికి, ఆ ఒత్తిడికి రాయి మెత్తబడి, వేసిన రంధ్రం మళ్లీ మూసుకుపోవడం మొదలైంది. ఇరవై ఏళ్ల కష్టం అక్కడ ఆగిపోయింది. అంత చేసినా భూమి పైతొక్కను కూడా దాటలేదు.

తొక్క అన్నాను కాబట్టి ఒక బంగినపల్లి మామిడిపండును తీసుకుందాం. పైతొక్క భూపటలం. ఖండాల కింద ఇది సాధారణంగా 30 నుంచి 50 కిలోమీటర్లు, సముద్రాల కింద ఏడు కిలోమీటర్ల దాకా. గుజ్జు మ్యాంటిల్, పాఠ్యపుస్తకాల భాషలో ప్రావారం. ఇది సుమారు 2,900 కిలోమీటర్ల లోతు దాకా పోతుంది. టెంక బయటి కోర్, అది 5,150 కిలోమీటర్ల దాకా. టెంక పగలగొడితే లోపలుండే జీడి, లోపలి కోర్. పోలిక బాగానే ఉంది కానీ రెండు చోట్ల చెడుతుంది. ఒకటి, భూమి మామిడిపండంత అయితే దాని తొక్క కాగితం కన్నా పెద్ద మందం ఉండదు. రెండు, పండులో టెంకే గట్టిది, భూమిలో ఆ పొర ఒక్కటే పూర్తిగా ద్రవం. ఆ ద్రవం సంగతి ఎలా తెలిసిందో చెప్పుకోవడానికి ముందు తూకం సంగతి చూడాలి. అనుమానం మొదట అక్కడే పుట్టింది.

తూకం తేడా కొట్టింది

1798లో లండన్‌లో హెన్రీ కావెండిష్ అనే ఆయన గాలి కదలిక తగలకుండా మూసిన గదిలో సీసపు గుండ్లను వేలాడదీసి, అవి ఒకదాన్నొకటి ఎంత సన్నగా లాక్కుంటున్నాయో కొలిచాడు. ఆ లెక్క నుంచి మొత్తం భూమి సాంద్రత తేలింది. అంతే పరిమాణం నీళ్ల కన్నా భూమి దాదాపు ఐదున్నర రెట్లు బరువు. చిక్కు ఇక్కడే వచ్చింది. అనంతపురం గుట్టల్లోని గ్రానైట్ నీటికి 2.7 రెట్లే. కడప వైపు మంగంపేట ముగ్గురాయిని చేతిలో పట్టుకున్నవాళ్లకు తెలుసు, చూపుకు మామూలు రాయే, ఎత్తితే చెయ్యి కిందికి లాగుతుంది. అది కూడా నాలుగున్నర రెట్ల దగ్గరే ఆగిపోతుంది. ముగ్గురాయి కన్నా భూమి సగటు బరువే ఎక్కువంటే, లోపల ఇంకెంత బరువైన సరుకు ఉండాలి? ఇనుము లాంటిదేదో ఉండాలన్న ఊహకు పునాది ఈ తూకమే. ఆకాశం నుంచి పడే ఉల్కల్లో కొన్ని అచ్చంగా ఇనుము, నికెల్ ముద్దలు కావడం ఆ ఊహకు బలమిచ్చింది.

(ముగ్గురాయి పొడి ఎక్కువగా పోయేది చమురు బావులకు. లోతుగా డ్రిల్ చేసేటప్పుడు కింది నుంచి తన్నుకొచ్చే గ్యాసును తొక్కిపట్టడానికి బరువైన బురద కావాలి, దాంట్లో దీన్ని కలుపుతారు. నేలలోకి దిగేవాళ్లకు మంగంపేటతో పని పడుతూనే ఉంటుంది.)

తూకానికి సంబంధించిన ఇంకో ముఖ్యమైన సంగతి మన దేశంలోనే బయటపడింది. గోడ నిలువుగా లేచిందో లేదో చూడ్డానికి మేస్త్రి దారానికి గుండు కట్టి వేలాడదీస్తాడు కదా, 19వ శతాబ్దపు సర్వేవాళ్లూ అదే వాడేవారు. పక్కన పెద్ద కొండ ఉంటే గుండు అటువైపు రవ్వంత జరుగుతుంది. హిమాలయాలంత కొండలున్నాయి కాబట్టి ఉత్తరాది మైదానంలో గుండు బాగా జరగాలి. తీరా చూస్తే, లెక్క ప్రకారం జరగాల్సిన దాంట్లో మూడో వంతే జరిగింది. 1855లో జార్జ్ ఎయిరీ దీనికి ఒక వివరణ ఇచ్చాడు. కొండ నేల మీద పెట్టిన బరువు కాదు, నీళ్లలో తేలే మొద్దు లాంటిది. పైకి ఎంత లేస్తే కిందికి అంత మునుగుతుంది. తేలికైన పటలం బరువైన మ్యాంటిల్‌లోకి వేళ్లు దించుకుని ఉంటుంది కాబట్టి కొండ లాగే బలంలో కొంత తగ్గిపోతుంది. పటలం అనేది ఏదో బరువైన పొర మీద తేలుతోందన్న ఆలోచన అలా వచ్చింది.

ఇప్పుడు గుండు బదులు గురుత్వాకర్షణను కొలిచే గ్రావిమీటర్లు వచ్చాయి. కడప బేసిన్ అంటే పూర్వం మట్టి, ఇసుక పొరలు పేరుకుని రాయిగా మారిన పెద్ద పల్లం, దాని నైరుతి భాగంలో కొలిస్తే గురుత్వాకర్షణ చుట్టుపక్కల కన్నా కాస్త ఎక్కువ చూపిస్తుంది. పైన కనిపించేవి తేలికైన అవక్షేప శిలలే. అంటే వాటి అడుగున ఎప్పుడో ఎగదన్నుకొచ్చి గడ్డకట్టిన బరువైన నల్లరాయి ఉండాలి.

కుండను కొట్టి చూసినట్టు

అసలు కథ నడిపింది భూకంపాలు. సంతలో కుండ కొనేటప్పుడు అమ్మ వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టి వినేది. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే ఎక్కడో నెర్ర ఉంది. లోపలికి తొంగి చూడకుండానే లోపలి సంగతి తెలిసిపోయేది. భూకంపం అంటే ఎవరో భూమిని కొట్టడం. కంపాలను గీతలుగా గీసే సీస్మోగ్రాఫ్ అంటే చెవి.

కంపం పుట్టినచోటు నుంచి భూమి లోపలి గుండా రెండు రకాల తరంగాలు బయలుదేరతాయి. మొదటిది పీ తరంగం. రైలు ఇంజను గుద్దితే డబ్బా డబ్బాకు ఆ తోపు అందినట్టు, రాయిని నొక్కుతూ వదులుతూ పోతుంది. రెండోది ఎస్ తరంగం. తాడును ఒక కొస పట్టుకుని విదిలిస్తే వంకర పోయినట్టు, రాయిని పక్కకు ఊపుతూ పోతుంది. పీ వేగంగా పోతుంది, ఎస్ వెనక నడుస్తుంది. మెరుపుకూ ఉరుముకూ మధ్య ఎన్ని అంకెలు లెక్కపెట్టామో దాన్ని బట్టి పిడుగు ఎంత దూరంలో పడిందో అంచనా వేస్తాం కదా, ఇదీ అంతే. దగ్గరి భూకంపాల్లో రెండు తరంగాల మధ్య ఒక సెకను తేడా ఉంటే దూరం సుమారు 8 కిలోమీటర్లు. మూడు చోట్ల నుంచి ఈ లెక్క కడితే కంపం ఎక్కడ పుట్టిందో దొరికిపోతుంది.

ఈ రెండూ వేర్వేరుగా వచ్చి చేరుతున్నాయని రికార్డుల్లో గుర్తుపట్టిన మనిషి భారత భూవిజ్ఞాన సర్వేలో ఉద్యోగి, రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్. 1897 జూన్ 12న అస్సాం, షిల్లాంగ్ ప్రాంతాన్ని కుదిపేసిన పెద్ద భూకంపం మీద నివేదిక రాస్తూ, ఆ కంపం యూరప్‌లోని పరికరాల మీద గీసిన గీతలను ఆయన పరిశీలించాడు. 1906లో ఇంకో అడుగు ముందుకేసి, భూమికి అవతలి పక్కన తరంగాలు రావాల్సిన వేళకు రావడం లేదు కాబట్టి నడుమ వేరే రకం పదార్థంతో ఒక కోర్ ఉందన్నాడు. అదే సర్వేలో ఆయనకు ముందుతరం వాడైన విలియం కింగ్ 1872లో మన నేల రాళ్ల మీద పెద్ద గ్రంథం రాశాడు. కడప, కర్నూలు అన్న పేర్లు భూగర్భశాస్త్రంలో స్థిరపడింది అప్పుడే. మన ఇళ్లలో పరిచే బేతంచెర్ల నాపరాయి ఏ వరస రాళ్లకు చెందుతుందని అడిగితే ప్రపంచంలో ఎక్కడి జియాలజిస్టయినా కర్నూలు గ్రూపు అనే చెప్పాలి.

పటలం ఎక్కడ ముగుస్తుందో కనిపెట్టింది క్రొయేషియా శాస్త్రవేత్త మొహొరొవిచిచ్. పేరు పలకడం కష్టమే, అందుకే అందరూ ఆ సరిహద్దును మోహో అనేస్తారు. 1909 అక్టోబర్ 8న క్రొయేషియాలో వచ్చిన భూకంపం గీతల్లో ఆయనకు ఒక వింత కనిపించింది. దగ్గరి స్టేషన్లకు తరంగాలు మామూలుగానే చేరాయి. కొంత దూరం దాటాక మాత్రం ఒకే రకం తరంగం రెండుసార్లు వచ్చింది, తొందరగా ఒకటి, ఆలస్యంగా ఒకటి. ఇది మనకు తెలిసిన విషయమే. పక్క ఊరికి పోవాలంటే పల్లె రోడ్డే మేలు. అనంతపురం జిల్లా పల్లె నుంచి హైదరాబాద్ పోవాలంటే మాత్రం కాస్త చుట్టు తిరిగైనా 44వ నంబర్ హైవే ఎక్కినవాడే ముందు చేరతాడు. తరంగాలకు కూడా కింద ఎక్కడో ఒక హైవే ఉందన్నమాట. పటలంలో పీ వేగం సెకనుకు ఆరు కిలోమీటర్ల పైచిలుకు, మోహో దాటి మ్యాంటిల్‌లో అడుగుపెట్టగానే దాదాపు ఎనిమిది.

మన కాళ్ల కింద మోహో ఎంత లోతులో ఉందో కూడా కొలిచారు. భూకంపం కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. 1970ల్లో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అంటే ఎన్‌జీఆర్‌ఐ, సోవియట్ శాస్త్రవేత్తల సాయంతో నెల్లూరు జిల్లా కావలి నుంచి కర్ణాటక తీరంలోని ఉడిపి దాకా 600 కిలోమీటర్ల గీత వెంట బోర్లలో మందు పేల్చి, ఆ కంపాలను వరసగా పరికరాలతో పట్టుకుంది. ఆ గీత కడప బేసిన్‌ను అడ్డంగా కోస్తూ పోయింది. దేశంలో ఇలాంటి కొలత అదే మొదటిది. మోహో సుమారు 35 నుంచి 40 కిలోమీటర్ల లోతున తగిలింది.

వినడానికి మన నేల మంచి చోటు. హిందూపురం పొరుగున, సరిహద్దు దాటగానే గౌరిబిదనూరులో భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్ల సీస్మిక్ అరే, అంటే కంపాలను పట్టే పరికరాల వరస ఉంది. 1965లో బ్రిటన్ సహకారంతో పెట్టారు. ప్రపంచంలో ఎక్కడైనా అణు పరీక్ష జరిగితే పసిగట్టడం దాని పని. గట్టి పాతరాయి, అలల రొద వినపడనంత దూరంలో సముద్రం, అందుకే ఆ చోటును ఎంచుకున్నారు. మన ప్రాంతాన్ని వానలు రాని నేల అని తిట్టుకుంటాం గానీ, నిశ్శబ్దం విషయంలో దీనికి పెద్ద పేరే ఉంది.

ఇక ఆ ద్రవం సంగతి. కొబ్బరికాయ కొనేటప్పుడు చెవి దగ్గర ఊపి చూస్తాం. భూమిని ఊపలేం కానీ ఎస్ తరంగం ఆ పని చేసి పెడుతుంది. పక్కకు ఊపడం అనేది గట్టి పదార్థంలోనే కుదురుతుంది, నీళ్లను పక్కకు విదిలిస్తే ఆ వంకర ముందుకు పోదు. భూకంపం వచ్చిన చోటి నుంచి సుమారు 11,500 కిలోమీటర్లు దాటిన స్టేషన్లకు నేరుగా పోయే ఎస్ తరంగాలు అందవు. పీ తరంగాలు కూడా వంగిపోయి ఒక పట్టీ మేర మాయమవుతాయి. 1914లో బెనో గుటెన్‌బర్గ్ కోర్ అంచు 2,900 కిలోమీటర్ల లోతున ఉందని లెక్క కట్టాడు. అది ద్రవమని హెరాల్డ్ జెఫ్రీస్ 1926లో తేల్చాడు.

అంతటితో అయిపోయిందనుకున్నారు. కానీ డెన్మార్క్‌లో ఇంగే లేమన్ అనే ఆవిడకు 1929 న్యూజిలాండ్ భూకంపం రికార్డుల్లో, ఏ తరంగమూ రాకూడని పట్టీలో సన్నటి గీతలు కనిపించాయి. ఇతరులు వాటిని పట్టించుకోలేదు. ఆమె మాత్రం కంప్యూటర్లు లేని కాలంలో ఆ అంకెలన్నీ అట్టముక్కల మీద రాసి, ఓట్స్ డబ్బాల్లో వరసగా పెట్టుకుని లెక్కలు కట్టింది. ద్రవం నడుమ ఒక గట్టి ముద్ద ఉంటే తప్ప ఆ గీతలు రావని 1936లో ప్రకటించింది. ఆ ముద్దే లోపలి కోర్, సుమారు 1,220 కిలోమీటర్ల వ్యాసార్ధం. నిజం చెప్పాలంటే ఈ కథ మొత్తంలో నాకు ఎక్కువ ముచ్చటేసేది ఆ ఓట్స్ డబ్బాలే.

బెల్లం, కుక్కర్

మన కింద అంతా కుతకుత ఉడికే లావా అని చాలామంది అనుకుంటారు. తప్పు మన స్కూలు బొమ్మలది. మ్యాంటిల్‌కు ఎర్రరంగు పూసి పెట్టారు. మ్యాంటిల్ గుండా ఎస్ తరంగాలు హాయిగా పోతున్నాయంటేనే అది గట్టి రాయి అని అర్థం. లావాగా కరిగేది అక్కడక్కడా కొంత మాత్రమే. మరి గట్టిదైతే ఖండాలు దాని మీద ఎలా జరుగుతున్నాయి? బెల్లం దిమ్మెను సుత్తితో కొడితే పెళుసుగా పగులుతుంది. అదే దిమ్మెను వానాకాలంలో అటక మీద రెండు నెలలు వదిలేస్తే కిందికి జారి, పళ్లెం ఆకారంలోకి వచ్చేస్తుంది. మ్యాంటిల్ కూడా అలాగే. భూకంపం లాంటి సెకన్ల దెబ్బకు అది రాయి, కోట్ల ఏళ్ల ఒత్తిడికి బెల్లం. ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు, గోళ్లు పెరిగే వేగంతో కదులుతుంది.

కోర్‌లో దీనికి వ్యతిరేకం. నడిమధ్య వేడి 5,000 డిగ్రీలు దాటి, సూర్యుడి పైపొరకు దగ్గరగా ఉంటుంది. ఆ వేడికి ఇనుము కరిగి పారాలి. కానీ అక్కడ ఒత్తిడి మన మీదున్న గాలి ఒత్తిడికి సుమారు 36 లక్షల రెట్లు. కుక్కర్‌లో నీళ్లు 100 డిగ్రీలకు మరగవు, మూత బిగించి ఉంది కాబట్టి ఇంకా వేడెక్కాలి. లోపలి కోర్‌లో ఇనుము పరిస్థితీ అదే, కరగాలంటే ఇంకా వేడి కావాలి. పైనున్న బయటి కోర్‌లో ఒత్తిడి తక్కువ కాబట్టి అక్కడ కరిగిపోయింది. ఆ కరిగిన ఇనుము సుడులు తిరగడం వల్లే భూమికి అయస్కాంతత్వం. అనంతపురం చుట్టూ గ్రానైట్‌ను చీల్చుకుంటూ గీత గీసినట్టు పోయే నల్లరాళ్ల గుట్టలను చూసే ఉంటారు. అవి డోలరైట్ డైకులు, వాటిలో కొన్నిటి వయసు 220 కోట్ల ఏళ్లు. కరిగిన రాయి చల్లారేటప్పుడు అందులోని సన్నటి ఇనుప ఖనిజాలు నాటి అయస్కాంత దిశను పట్టుకుని గడ్డకడతాయి. అంటే మన గుట్టల్లో నిలిచిపోయిన ముల్లు కోర్ వైపే చూపిస్తోంది.

ఇంత ఒత్తిడిలో రాయి ఏమవుతుందో ల్యాబులో చూడాలన్నా వజ్రమే దిక్కు. రెండు వజ్రాల మొనల మధ్య రవ్వంత ఖనిజాన్ని పెట్టి బిగించి, వజ్రం గుండానే లేజర్ పంపి వేడి చేస్తారు. అలా అరచేతిలో పట్టే పరికరంలోనే కోర్‌లో ఉండేంత ఒత్తిడి పుట్టిస్తున్నారు.

గోలీసోడా

తరంగాలు, తూకం, అయస్కాంతం చెప్పేవన్నీ దూరం నుంచి వినే మాటలు. లోపలి నుంచి సరుకే నేరుగా వచ్చి చేతిలో పడితే? అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టుపక్కల జరిగింది అదే.

అక్కడ కింబర్లైట్ అనే రాయి ముల్లంగి గడ్డ ఆకారంలో నిలువుగా నేలలోకి దిగి ఉంటుంది. జియాలజిస్టులు పైపులు అంటారు. వజ్రకరూరు, లత్తవరం, కళ్యాణదుర్గం, చిగిచెర్ల దగ్గర ఇలాంటివి ఉన్నాయి. ఎక్కువ భాగం సుమారు 110 కోట్ల ఏళ్ల నాటివి. మ్యాంటిల్ లోతుల్లో కొద్దిగా కరిగిన రాయిలో కార్బన్ డయాక్సైడ్, నీరు నిండుగా కలిసి ఉంటాయి. గోలీసోడాలో గోలీని నొక్కగానే ఎగదన్నినట్టు, పైకి వస్తున్నకొద్దీ ఒత్తిడి తగ్గి, గ్యాసు పొంగి, అడ్డమొచ్చిన రాళ్లను పెకలించుకుంటూ దూసుకొస్తుంది. 150 కిలోమీటర్లు ఎక్కడానికి గంటల నుంచి రోజులు మాత్రమే పడుతుందని అంచనా. ఆ తొందరే మనకు కలిసొచ్చింది. అదే వేడిలో తీరిగ్గా వచ్చి ఉంటే దారిలోనే వజ్రం పెన్సిల్ ములుకులోని గ్రాఫైట్‌గా మారిపోయేది.

కింబర్లైట్ వజ్రాన్ని పుట్టించలేదని గుర్తుంచుకోవాలి. అది బస్సు మాత్రమే. వజ్రం అంతకు ముందే, చాలాసార్లు వంద కోట్ల ఏళ్ల ముందే పుట్టి కింద కూర్చుని ఉంటుంది. పోతూ పోతూ బస్సు ఎక్కించుకుంది. ఆ అగ్నిపర్వతాల నోళ్లు ఎప్పుడో అరిగిపోయాయి, గొంతులే మిగిలాయి. అరిగిన మట్టిని వాగులు మోసి పరిచాయి. కొంత సరుకు ఇంకా పాతకాలంలోనే గులకరాళ్ల పొరల్లో గడ్డకట్టింది. బనగానపల్లె గులకరాతి పొరలో వెనకటి రోజుల్లో వజ్రాల గనులు నడిచింది అందుకే.

బస్సులో వజ్రాలొక్కటే రాలేదు. మ్యాంటిల్ రాతి ముక్కలు కూడా ఊడి వచ్చాయి. కళ్యాణదుర్గం దగ్గరి ఒక పైపులో ఎక్లోజైట్ అనే రాయి దొరుకుతుంది, ఎర్రటి గార్నెట్, పచ్చటి పైరాక్సీన్ కలిసి చూడ్డానికి కూడా అందంగా ఉంటుంది. ఏ ఖనిజంలో ఏ మూలకం ఎంత పాళ్లలో ఉందో కొలిస్తే ఆ ముక్క ఎంత వేడిలో, ఎంత ఒత్తిడిలో స్థిరపడిందో తెలుస్తుంది, దాన్నుంచి లోతు కూడా.

ఇక వజ్రం విషయానికొస్తే, వ్యాపారి లెక్కా శాస్త్రవేత్త లెక్కా పూర్తిగా ఎదురెదురు. వ్యాపారి భూతద్దం కింద పెట్టి లోపల మచ్చ కనిపించగానే ధర తగ్గిస్తాడు. శాస్త్రవేత్తకు మచ్చ లేని వజ్రం దాదాపు మూగది, అందులో ఉన్నది కార్బన్ ఒక్కటే. దాని వయసు కూడా తేలదు. వజ్రం పెరిగేటప్పుడు పక్కనున్న ఖనిజపు ముక్కను మింగేస్తుంది చూడండి, అదే మనకు మచ్చ. వజ్రమంత గట్టి డబ్బాలో బంధించడం వల్ల ఆ ముక్క నాటి రసాయనంతో, కొన్నిసార్లు నాటి ఒత్తిడితో సహా ఉన్నదున్నట్టు పైకి వస్తుంది. అందులోని రేడియోధార్మిక మూలకాలను కొలిచే వజ్రాల వయసు చెబుతారు. 300 కోట్ల ఏళ్లు దాటినవి కూడా తేలాయి.

2014లో ఇలాంటి ఒక మచ్చే పెద్ద సంచలనం చేసింది. బ్రెజిల్‌లోని జుయినాలో దొరికిన, నగల వ్యాపారానికి కొరగాని మట్టిరంగు వజ్రం అది. లోపల రింగ్‌వుడైట్ అనే ఖనిజపు నలుసు దొరికింది. అది 500 కిలోమీటర్లు దాటిన లోతుల్లోనే స్థిరంగా ఉంటుంది. భూకంప తరంగాల వేగం 410 కిలోమీటర్ల లోతు దగ్గర, 660 దగ్గర ఉన్నట్టుండి పెరగడాన్ని చూసి, ఆ నడుమ ఇలాంటి ఖనిజం ఉంటుందని ఏనాడో ఊహించారు. ఉల్కల్లో చూశారు, ల్యాబులో తయారు చేశారు. భూమి నుంచే వచ్చిన ముక్క చేతికి దొరకడం అదే మొదలు. పైగా దాని బరువులో సుమారు ఒకటిన్నర శాతం నీరుంది. నీరంటే చెరువు నీళ్లలా కాదు, ఖనిజపు అల్లికలోనే బిగుసుకుపోయింది. తరంగాలు వినిపించిన మాటకు ఒక రాయి సాక్ష్యం చెప్పింది.

అలాంటి సాక్ష్యం మన పైపుల దగ్గర ఇంకో తగాదాలో కూడా పనికొస్తోంది. వజ్రం పుట్టాలంటే లోతు చాలదు, ఆ లోతులో నేల మరీ వేడిగా ఉండకూడదు. పాత ఖండాల అడుగున పడవ అడుగు లాంటి మందపాటి చల్లటి వేరు ఉన్నచోటే అది కుదురుతుంది. వజ్రకరూరు పైపులు వజ్రాలు మోసుకొచ్చాయంటే 110 కోట్ల ఏళ్ల కింద మన కింద ఆ వేరు 150 కిలోమీటర్లకు మించే ఉండాలి. కానీ 2007లో ఎన్‌జీఆర్‌ఐ, జర్మనీ శాస్త్రవేత్తలు కలిసి తరంగాలతో కొలిచి, ఇప్పుడు భారత ఫలకం, అంటే పటలమూ దాని అడుగునున్న ఆ వేరూ కలిసిన పలక, మందం 100 కిలోమీటర్ల దగ్గరే ఉందన్నారు. మిగతా పాత ఖండాలన్నీ మందంగా ఉంటే మనదొక్కటే పలచబడింది, గోండ్వానా అనే ఒకప్పటి మహాఖండం విడిపోయేటప్పుడు అడుగు కరిగిపోయింది, అందుకే అడ్డూ ఆపూ లేకుండా ఉత్తరానికి అంత వేగంగా పరిగెత్తి ఆసియాను గుద్దుకుంది అని వాళ్ల వాదన. వేరు ఇంకా మందంగానే ఉందని చెప్పే కొలతలూ తర్వాత వచ్చాయి. నాకైతే ఒకటి స్పష్టం. తరంగాలు చెప్పేది ఇవాళ్టి సంగతి, రాయి చెప్పేది తను బయలుదేరిన నాటి సంగతి. ఒకదాన్ని పెట్టి ఇంకోదాన్ని కొట్టేయలేం. ఆ రెండు తేదీల మధ్య మన కింద ఏం జరిగిందన్నదే అసలు ప్రశ్న.

జొన్నగిరి అవ్వ సంగతి ముగించలేదు కదూ. సాయంత్రానికి ఆమె కొంగుముడిలో ఏడెనిమిది రాళ్లు చేరాయి, అన్నీ పలుగురాళ్లే అని ఆమెకూ తెలుసు. వాటి మధ్య నుంచి కందిగింజంత ముదురు ఎరుపు రాయిని ఏరి పక్కకు విసిరింది. అది గార్నెట్. కింబర్లైట్ పైపుల కోసం వెతికే జియాలజిస్టులు వాగు ఇసుకలో ముందు వెతికేది వజ్రం కోసం కాదు, ఊదాఎరుపు గార్నెట్ల కోసం. వాటిలో క్రోమియం ఎక్కువగా ఉంటే మ్యాంటిల్ నుంచి వచ్చినట్టు, ఎగువన ఎక్కడో పైపు ఉన్నట్టు. లేకపోతే పక్క గుట్టలోదే.

నేను వంగి దాన్ని తీసుకున్నాను.

"దానికి పైసా కూడా రాదు నాయనా" అంది అవ్వ.

తెలుసవ్వా అన్నాను. చొక్కా జేబులో వేసుకుని, గుత్తి బస్సు ఎక్కాను.